ప్రెస్సు ఓనరు నామినేషన్ వేస్తే: ఒక యువ నవలా రచయితకు లేఖ

తమ్ముడూ,

నవల ప్లాను, మొదటి ఆరు అధ్యాయాలు చదివాను. తెనాలిలో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుకునే మనిషి గుంటూరు లోక్‌సభకు ఇండిపెండెంటుగా నిలబడటం మంచి వస్తువు. నీకు వాక్యం వచ్చు, దాని జోలికి పోను. నా పేచీ ఒక్కటే. బహిరంగ సభకు ఇరవై పేజీలు ఇచ్చి, నామినేషన్‌ను ‘అట్టహాసంగా దాఖలు చేశాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది జిల్లా పేజీ విలేకరి రాసే వాక్యం. నీకు కావలసిన సరుకంతా దాని కిందే ఉంది. ప్రచారంలో మీ ఓనరు అందరిలాంటివాడే: దండాలు పెడతాడు, గొంతు పోగొట్టుకుంటాడు. ఊరందరికీ బిల్లు పుస్తకాలు, రసీదులు అచ్చు వేసిచ్చినవాడు తన ఫారం తను నింపడానికి కూర్చున్నప్పుడే వేరే మనిషిగా కనిపిస్తాడు.

ముందు ఎన్నిక ఏదో తేల్చుకో. ‘ఆ ఏడాది ఎన్నికలొచ్చాయి’ అంటే చాలదు. 2024 తీసుకుంటే తేదీలివి: నోటిఫికేషన్ ఏప్రిల్ 18, నామినేషన్లకు ఆఖరి రోజు 25, స్క్రూటినీ (కాగితాల పరిశీలన) 26, ఉపసంహరణకు గడువు 29, పోలింగ్ మే 13, లెక్కింపు జూన్ 4. నామినేషన్లు ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకానే తీసుకుంటారు. మధ్యలో 21 ఆదివారం, ఆ రోజు తీసుకోరు. కాగితాలు తీసుకునే ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసరు) అంటే ఇక్కడ కలెక్టరే. ఆఫీసుకు వంద మీటర్ల లోపలికి మూడు బండ్లకు మించి రానివ్వరు, గదిలోకి అభ్యర్థితో కలిపి ఐదుగురే. కాబట్టి నీ ఆరో అధ్యాయంలో ‘వందలాది అభిమానుల మధ్య’ కలెక్టరు చేతికి కాగితాలివ్వడం కుదరదు. అభిమానులు బారికేడ్ బయట, ఎండలో ఉంటారు. ఇంకో సంగతి: ఆంధ్రలో అసెంబ్లీ ఎన్నిక కూడా అదే రోజు. ఊళ్లో మాటంతా ఎమ్మెల్యే గురించే నడుస్తుంది. ఎంపీ ఇండిపెండెంటును పట్టించుకునేదెవరు? ఈ నిర్లక్ష్యం నీ నవలలో ఎక్కడా కనిపించలేదు.

డిపాజిట్ 25 వేలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. ఆ అంకె వెనక మన తెలుగువాళ్ల కథే ఉంది. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడు నీళ్ల గోడు దేశానికి వినిపించాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అప్పటిదాకా డిపాజిట్ ఐదు వందలే. ఆ ఏడాదే దాన్ని పదివేలు చేశారు, పార్టీ లేనివాడికి పదిమంది ప్రతిపాదకులు, అంటే అతని పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటర్లు, ఉండాలన్నారు. 2010లో అది 25 వేలయింది. అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు తగ్గలేదు: 185 మంది అభ్యర్థులు, బూతుకు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు. మీ ఓనరును చూసి ‘ఇండిపెండెంటంటే పిచ్చోడన్నా కావాలి, డమ్మీ అన్నా కావాలి’ అని నవ్వే పాత్ర ఒకటుంది కదా, అతనికి ఎదురుగా ఈ రెండు ఊళ్ల సంగతీ తెలిసిన మనిషిని ఒకణ్ని కూర్చోబెట్టు.

ఆ పదిమంది ప్రతిపాదకులే నీకు ఒక అధ్యాయం. అందరూ గుంటూరు పార్లమెంటు పరిధిలో ఓటర్లయి ఉండాలి: తాడికొండ, మంగళగిరి, పొన్నూరు, తెనాలి, ప్రత్తిపాడు, గుంటూరు తూర్పు, గుంటూరు పశ్చిమ. నామినేషన్ కాగితం ఫారం 2ఎలో ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా ఓటరు జాబితా భాగం నంబరు, క్రమసంఖ్య వేయాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత జాబితా చూసి రాస్తే నంబర్లు తప్పుతాయి. వేలిముద్ర వేసే మనిషైతే ఆర్వో ముందో, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు ముందో వేయాలి, ఇంటి దగ్గర వేయించుకొస్తే చెల్లదు. నంబరు తప్పును అక్కడికక్కడే దిద్దిస్తారు. సంతకం నాది కాదని మనిషే అడ్డం తిరిగితే దిద్దడానికేమీ ఉండదు. 2024లో సూరత్‌లో ఒక పెద్ద పార్టీ అభ్యర్థి కాగితాలు అలాగే పోయాయి. ముగ్గురు ప్రతిపాదకులు ఆ సంతకాలు మావి కావన్నారు, చివరికి అక్కడ పోలింగే జరగలేదు. అందుకే తెలిసినవాళ్లు నాలుగు సెట్లు వేస్తారు (నాలుగు దాకా వేయవచ్చు, డిపాజిట్ ఒక్కటే), సెట్టు సెట్టుకూ వేరే పదిమందిని పెడతారు. మీ ఓనరు ఎవర్ని అడుగుతాడు? పేపరు కటింగ్ కుర్రాణ్ని, బైండింగ్ చేసే ఆమెను, టీ కొట్టతన్ని, బాకీ ఉన్న స్కూలు కరస్పాండెంటును. ఎవరు పెడతారు, ఎవరు ‘మా బావమరిదికి పార్టీలో పదవుందన్నా’ అని తప్పుకుంటారు? ఊరి గురించి వేరే వర్ణన అక్కర్లేదు.

రెండో అధ్యాయంలో ప్రెస్సుకు రైల్వే డివిజన్ ఆఫీసు ఫారాల ఆర్డరు ఉందని రాసి వదిలేశావు. అది చిన్న విషయం కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు నడుస్తుంటే పోటీకి అనర్హుడు. లోక్‌సభకైతే చూసేది కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టునే. మండల పరిషత్తుకు రిజిస్టర్లు అచ్చు వేసిస్తుంటే ఇబ్బంది లేదు, రైల్వేకి వేసిస్తుంటే ఉంది. కానీ తన వంతు పని పూర్తిగా చేసేసి, డబ్బు మాత్రమే రావలసి ఉంటే ఆ కాంట్రాక్టు నడుస్తున్నట్టు కాదు. అర్హత చూసేది స్క్రూటినీ రోజున. అంటే ఆఖరి బండిల్ 25 సాయంత్రానికి దిగి, అందినట్టు రసీదు చేతికి రావాలి. కరెంటు పోయినా, మెషిన్ మొరాయించినా, గుమాస్తా సెలవు పెట్టినా మీ ఓనరు మునిగాడు. నీ చేతిలో ఇంత ఉత్కంఠ పెట్టుకుని నాలుగో అధ్యాయంలో రౌడీలను దింపావెందుకు?

ఫారం 26 అఫిడవిట్. దీని దగ్గర ఆగు, తొందరపడకు. ఐదేళ్ల ఐటీ రిటర్నుల లెక్క, భార్యవీ ఆధారపడినవాళ్లవీ ఆస్తులు, బంగారం బరువు, విలువ, బ్యాంకు అప్పులు, మనుషుల దగ్గర తెచ్చిన అప్పులు, కేసులు, చదువు: అన్నీ రాసి నోటరీ ముందు ప్రమాణం చేయాలి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాల్సిందే. ఖాళీలు వదిలి, చెప్పాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న వ్యాపారికి ఇది ఎందుకు కష్టమో ఆలోచించు. అతని బతుకంతా అప్పు మీద, నమ్మకం మీద నడుస్తుంది. మెషిన్ మీద బ్యాంకు లోను, కాగితం డీలరు దగ్గర అరువు, నోటు రాసి తెచ్చిన నాలుగు లక్షలు. ఒకరి బాకీ సంగతి ఇంకొకరికి తెలియదు, భార్యకు సగం తెలియదు. ఆమె గొలుసు తాకట్టులో ఉంటే బంగారం గడిలో ఏ అంకె వేస్తాడు? ఆ కాగితం ఆర్వో ఆఫీసు నోటీసు బోర్డెక్కుతుంది, కమిషన్ వెబ్‌సైటెక్కుతుంది. మర్నాడు పొద్దున కాగితం డీలరు ఫోన్ చేస్తాడు. ‘ఇక మీద క్యాష్ అయితేనే లోడు పంపుతానండీ’ అంటాడు. సభలో పడే రాయి కన్నా ఈ ఫోను గట్టిగా తగులుతుంది. పైగా ఇది 2024 గుంటూరు. అక్కడ గెలిచిన అభ్యర్థి కూడా వ్యాపారవేత్తే, ఆయన ప్రకటించిన కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైమాట. ఆయన పేరు నవలలోకి తేవద్దు. అదే బోర్డు మీద ఆ రెండు అఫిడవిట్లూ పక్కపక్కన ఉంటాయని మాత్రం మర్చిపోకు. ఖర్చు పరిమితి ఇద్దరికీ ఒకటే, 95 లక్షలు.

నామినేషన్ వేశాక రాజ్యాంగానికి విధేయుడినని ఇంకో ప్రమాణం చేసి సంతకం పెట్టాలి, అదీ స్క్రూటినీ రోజు రాకముందే. 25న వేసినవాడు ఆ రాత్రి పన్నెండు లోపల ఆ పని కానివ్వాలి.

ఇక డబ్బు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ప్రెస్సు కరెంటు ఖాతా పనికిరాదు. ప్రచారం మొత్తం మీద ఒక మనిషికి పదివేలకు మించి నగదు ఇవ్వకూడదు, ఆపైన చెక్కో, ఆన్‌లైనో. ఖర్చు రిజిస్టరు మూడు భాగాలు: రోజువారీ లెక్క తెల్ల కాగితం, నగదు గులాబీ, బ్యాంకు పసుపు. ప్రచారం నడుస్తుండగానే కనీసం మూడుసార్లు పరిశీలనకు తీసుకెళ్లాలి. అభ్యర్థి బండిలో యాభై వేలు దాటి నగదు దొరికితే ఫ్లయింగ్ స్క్వాడ్ పట్టుకుంటుంది. కొల్లూరులోనో దుగ్గిరాలలోనో బిల్లు పుస్తకాల బాకీలు వసూలు చేసుకుని వస్తున్నవాడి దగ్గర అంత డబ్బుంటే అది వ్యాపారం డబ్బా, ఎన్నికల డబ్బా? బిల్లులు చూపించాలి. సగం బాకీలకు బిల్లుండదు.

సొంత ప్రెస్సుంది కదా, కరపత్రాలు ఉచితం అని నీ పాత్ర రెండుసార్లు అంటాడు. ఉచితమేమీ కాదు. జిల్లా ఎన్నికల అధికారి ఇచ్చిన రేట్ల పట్టిక ప్రకారం విలువ కట్టి ఖర్చులో కలుపుతారు. ప్రతి కరపత్రం మీదా ముద్రించినవాడి పేరు, చిరునామా, ప్రచురించినవాడి పేరు, చిరునామా ఉండాలి, అది అదే చట్టంలో 127ఎ సెక్షన్. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాపీల సంఖ్య కూడా వేయమంటుంది కమిషన్. ప్రచురించేవాడు ఇద్దరి సాక్షి సంతకాలతో రెండు ప్రతుల్లో డిక్లరేషన్ రాసి ముద్రాపకుడికి ఇవ్వాలి. మీ ఓనరు తనే రాసి తనే పుచ్చుకోవాలన్నమాట. నవ్వించగలిగితే ఇక్కడ నవ్వించు.

గుర్తు ఎప్పుడొస్తుందో కూడా చూసుకో. ఇండిపెండెంటు నామినేషన్‌లో మూడు గుర్తులు వరసగా కోరుకుంటాడు. కేటాయించేది ఉపసంహరణ గడువు ముగిశాక, అంటే 29 మధ్యాహ్నం మూడు దాటాక. ఇద్దరు ఒకే గుర్తు అడిగితే లాటరీ. (ఆ ఏడాది గాజు గ్లాసు ఇండిపెండెంట్లకు ఇవ్వడం మీద గొడవ హైకోర్టు దాకా వెళ్లింది, పాత పేపర్లు తిరగెయ్.) ప్రచారం మే 11 సాయంత్రం ఆగిపోతుంది. గుర్తు తెలియకుండా ప్లేటు చేయించలేడు. చేయించాక ఉన్నవి పన్నెండు రోజులు. పదిహేను లక్షలు దాటిన ఓటర్లు. ఇంటికొకటి చొప్పున నాలుగు లక్షల కరపత్రాలనుకో. డెమ్మీ సైజు షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఐదు వందల షీట్ల రీముకు నాలుగు వేలు, మొత్తం వంద రీములు, తరుగు వేరే. ఆ వంద రీములు క్యాష్ అన్న డీలరు దగ్గరే తేవాలి.

అసలు దెబ్బ ఇంకొకటుంది, నువ్వు దాన్ని తాకనేలేదు. ప్రెస్సుకు ఎన్నికలంటే సీజను. ప్రతిసారీ అన్ని పార్టీల కరపత్రాలూ, నమూనా బ్యాలెట్లూ ఇతని దగ్గరికే వచ్చేవి. పోటీలో నిలబడగానే ఒక్క పార్టీ కూడా ఆర్డరివ్వదు. వాళ్ల ప్రూఫులు ప్రత్యర్థి కళ్లబడతాయని భయం. శుభలేఖలతో గట్టెక్కుతాడా? నీ కథ జరిగే ఏడాది పంచాంగం తీసి మూఢం ఎప్పుడుందో చూడు. పనివాళ్లకు ఆ నెల జీతాలు ఎక్కణ్నుంచి వస్తాయో నాకు పదిహేనో పేజీలోపు తెలియాలి.

బేరం వచ్చేది 26కీ 29కీ మధ్య. విత్‌డ్రా కాగితం అభ్యర్థే ఇవ్వచ్చు, లేదా అతను రాసిచ్చిన అధికారంతో ప్రతిపాదకుడో ఏజెంటో ఇవ్వచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేదు. వచ్చేవాడు సూట్‌కేసుతో వస్తాడని రాయకు. ‘ఐదేళ్ల పాటు మా పని మొత్తం నీ ప్రెస్సుకే’ అంటాడు. అది చిన్న వ్యాపారికి అర్థమయ్యే భాష.

పోలింగ్ రోజు గురించి ఎక్కువ అక్కర్లేదు. బూతులు పదిహేను వందల పైనే, ఇతను ఏజెంట్లను పెట్టగలిగేది ఏ ముప్పై నలభైకో. మిగతాచోట్ల తన తరఫున ఎవరూ లేరు. ‘నీ పేరు మీద మా కుర్రాళ్లను కూర్చోబెడతాం, ఏజెంటు నియామకం ఫారం 10 మీద సంతకం పెట్టివ్వు’ అని ఏదో ఒక పార్టీ అడుగుతుంది. ఇస్తే అతను నిజంగానే డమ్మీ అయినట్టు.

లెక్కింపులో గెలుపు గురించి ఉత్కంఠ పెట్టకు, పాఠకుడు నమ్మడు. 2024లో దేశం మొత్తం మీద గెలిచిన ఇండిపెండెంట్లు ఏడుగురు. డిపాజిట్ దక్కాలన్నా చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. పదమూడు లక్షలు చెల్లితే 2,16,667. అదీ రాదు. తెనాలి సెగ్మెంటులో తన వార్డు బూతులు ఏ రౌండులో వస్తాయో అతనికి తెలుసు, ఆ రౌండు దగ్గర నిలబెట్టు. సంతకాలు పెట్టిన పదిమందీ ఓటేశారా లేదా అన్నదే అతను చూసేది, బూతు అంకె అది చెప్పీ చెప్పకుండా చెబుతుంది.

ఫలితంతో కథ ఆపేశావు. ఇంకో ముప్పై రోజులుంది. ఆలోపు ఖర్చుల లెక్క వోచర్లతో సహా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హుణ్ని చేయవచ్చు. ఓడిన ఇండిపెండెంట్లలో చాలామంది ఇక్కడ చేతులెత్తేస్తారు. మీ ఓనరు ఇస్తాడా, ఇవ్వడా? నువ్వే తేల్చు, కానీ తేల్చు.

ఏడో అధ్యాయం ఇప్పుడే మొదలుపెట్టకు. ఎన్నికల కమిషన్ సైటులో అభ్యర్థుల అఫిడవిట్లు ఉంటాయి. దుకాణదారులవి, మిల్లు ఓనర్లవి ఓ పది తీసి చదువు. తర్వాత ఫారం 26 ప్రింటు తీసుకుని మీ ఓనరు పేరుతో మొదటి గడి నుంచి చివరి దాకా నింపు, భార్య బంగారం గ్రాములతో సహా. నింపిన ఆ కాగితం, తిరగరాసిన నామినేషన్ అధ్యాయం కలిపి పంపు. మిగతా అధ్యాయాలు అప్పుడు చూద్దాం.

నీ అన్న