పొద్దుతిరుగుడు ఒక్క క్షణంలో తిరగదు

తిరుపతి

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివినాను. అవ్వ యాస బాగుంది. ఏ పత్రికకు పంపాలని అడిగినావు, అది తరువాత చూద్దాం. ముందు మూడో పేజీలో ఈ వాక్యం సంగతి తేలాలి: "కరెంటు పోయిన క్షణాన అవ్వ కంట్లోని దండకణాలన్నీ పొద్దుతిరుగుడు పూలలాగా గుడి దీపం వైపు తిరిగినాయి."

పోలిక చక్కనిదే. తిరిగేవి తప్పు, తిరిగే వైపు తప్పు, పట్టే కాలం మరీ తప్పు.

కంటి వెనక పొరలో దండకణాలు చీకట్లో చూపునిస్తాయి, శంకుకణాలు మంచి వెలుగులో రంగులు చూస్తాయి. దిక్కు పట్టింపు గట్టిగా ఉండేది శంకుకణాలకు. వాటి గురి కనుపాప నడిమికి, దీపానికి కాదు. ఒక్కొక్కటీ సన్నటి వెలుగు గొట్టం. నేరుగా దూరినదాన్ని పట్టుకుంటుంది, ఓరగా వచ్చినదాన్ని జార్చేస్తుంది. 1933లో స్టైల్స్, క్రాఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొలిచినారు. నడిమికి 3 మిల్లీమీటర్లు పక్కగా దూరిన కిరణం సుమారు మూడోవంతు పనే చేస్తుంది. దండకణాలకు ఈ పట్టింపు చాలా తక్కువ.

నమ్మకపోతే పాత పెళ్లిపత్రిక అట్టకు గుండుసూదితో బెజ్జం పొడిచి, ఒక కన్ను మూసి, అట్టను రెండో కంటికి ఆనించినంత దగ్గరగా పక్కకు జరుపు. అంచుకు పోయేకొద్దీ గోడ మసకబారుతుంది. ఎండలో చేస్తే కనుపాప 2 మిల్లీమీటర్లకు ముడుచుకుని జరపడానికి చోటుండదు. మరీ చీకట్లో చేస్తే దండకణాలదే రాజ్యం, తేడా తెలియదు. గోడ రంగు తెలిసేంత మసక వెలుగు చాలు.

కరెంటు పోతే అవ్వకు జరిగేది వేరే పని. కనుపాప విచ్చుకుంటుంది, వెలుగుకు విరిగిన రొడాప్సిన్, అంటే దండకణాల్లో వెలుగును పట్టే పదార్థం, మళ్లీ కూడుకుంటుంది. శంకులు పదినిమిషాల్లో సర్దుకుంటాయి, దండకణాలకు అరగంట, ముసలి కంటికి ఇంకాస్త. ఇందులో ఏదీ తల తిప్పదు.

తల తిప్పాలంటే రోజులు కావాలి. ఒక కంటికి కొన్ని రోజులు వెలుగు చొరకుండా కట్టు కడితే శంకుల గురి సడలుతుందని 1979లో చూపించినారు. 2001లో బయటికొచ్చిన సంగతి ఇంకా గొప్పది. పుట్టుశుక్లం ఉన్న మనిషికి వెలుగు కనుపాప అంచునుంచే దూరేది, శంకులు ఆ అంచుకే గురిపెట్టి ఉండినాయి. శుక్లం తీసినాక సుమారు పది రోజుల్లో నడిమికి తిరిగినాయి. నీ కథ ఆ పది రోజుల్లో ఉంది! అయితే నీ కథలో అవ్వది ముసలితనపు శుక్లం. దానికి దీన్ని అతికించకు, పుట్టుశుక్లం చేసి మొదటినుంచీ రాసుకురా.

క్రియ రాసేముందు దానికి ఎంతసేపు పడుతుందో కనుక్కో. నేను ఎవరికైనా చెప్పేది ఈ ఒక్కటే. అంకె కనబడితే "కవిత్వం తగ్గింది" అని కొట్టేసే సంపాదకులున్నారు, వాళ్లకు ప్రతి పేజీలో ఉప్పులాగా ఒక "క్షణం" చల్లాలి. కొట్టేస్తే కొట్టేయనీ.

చుక్కల మందు వేయించుకుంటూ అవ్వ "మెడ ఎత్తలేను రా" అనే చోటు మాత్రం కదపొద్దు. దాన్ని నాలుగో రోజుకు జరుపు.

ఆశీస్సులతో.