ఇంట్లో కుందేళ్లు: నేల పాడవకుండా, వాటి కాళ్లూ పాడవకుండా

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె, నిమ్మతోట ఉంది. పిల్లలు అడిగారని రెండు తెల్ల కుందేళ్లు తెచ్చి ఇంట్లోనే వదిలాం. హాల్లో టైల్స్, వెనక గదిలో కడప బండలు. మూలల్లో ఉచ్చ పోస్తే సున్నం పూసినట్టు తెల్ల మరకలు పడుతున్నాయి. నిమ్మకాయతో రుద్దితే టైల్స్ మీద పోయాయి గానీ కడప బండ మెరుపు పోయి గరుకుగా అయింది. ప్లాస్టిక్ కార్పెట్ పరిస్తే అంచులు కొరికేస్తున్నాయి. ఒక్కోసారి ఉచ్చ ఎర్రగా వస్తోంది, టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు మరకల సంగతి చూద్దాం, ఎందుకంటే ఇది తెలియక చాలామంది నేల పాడు చేసుకుంటున్నారు. ఆవు, మేక, మనం – మేతలోనో తిండిలోనో ఉన్న కాల్షియంలో ఒంటికి కావలసినంతే పేగుల నుంచి తీసుకుంటాం. కుందేలు అలా కాదు, దొరికిందంతా దాదాపు లోపలికి లాగేసుకుని, ఎక్కువైనదాన్ని మూత్రంలో వదిలేస్తుంది. అందుకే దాని మూత్రం చిక్కగా, మబ్బుగా ఉంటుంది, ఆరితే మిగిలేది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడే. నిమ్మరసంలో ఉండే ఆమ్లం దాన్ని కరిగిస్తుంది కాబట్టి టైల్ మీద మరక పోయింది. కడప బండ కూడా సున్నపురాయే కదండీ. ఆమ్లానికి మరక ఏదో బండ ఏదో తెలియదు, రెండిటినీ తినేసింది.

మెరుపు పోయిన చోట మళ్లీ పాలిష్ పట్టించుకోవడమే, ఇంకో మార్గం లేదు. ఇకమీదట కడప బండ, బేతంచెర్ల రాయి, మార్బుల్ – వీటి మీద నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ వాడకండి. తడిగుడ్డ ఒక అరగంట మరక మీద వేసి నాననిచ్చి, వంటసోడా కొంచెం నీళ్లలో ముద్దలా కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్దండి, మిగిలింది పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో గీకితే వస్తుంది. టైల్స్ మీద వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి తుడిచేయొచ్చు, కానీ టైల్స్ సందుల్లో ఉండేది సిమెంటు, దాన్నీ ఆమ్లం తింటుంది కాబట్టి ఎక్కువసేపు వదలొద్దు, తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. చీమకుర్తి గ్రానైట్ వేయించుకున్నవాళ్లకు ఈ బాధ చాలా తక్కువ. ఫినాయిల్ వద్దు, కుందేళ్లు కాళ్లు నాక్కుంటాయి. బ్లీచింగ్ పౌడర్ కూడా మూత్రం మీద చల్లొద్దు, మూత్రంలోని అమోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది, వెనిగర్‌తో కలిస్తే ఇంకో రకం విషవాయువు, రెండూ మనకూ మంచిది కాదు.

అసలు మరక పడకుండా చూసుకోవడమే తేలిక. కుందేలు ఎక్కడపడితే అక్కడ పోసే జంతువు కాదు, ఒక మూల ఎంచుకుంటుంది. మీరు ఎక్కడో పెట్టి అది అక్కడికి రావాలని చూడకండి, అది ఎంచుకున్న మూలలోనే పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టండి, ఒక పక్క అంచు కోసి నున్నగా అరగదీస్తే ఎక్కి దిగడానికి వీలవుతుంది. అడుగున నాలుగైదు మడతలు న్యూస్ పేపర్, దాని మీద కొబ్బరి పొట్టు గానీ దుమ్ము జల్లించేసిన వరి ఊక గానీ రెండంగుళాలు, పైన వరిగడ్డి. మేత గడ్డి ఆ టబ్బు పక్కనే, కూర్చుని అందుకునేంత దూరంలో కట్టండి, కుందేలుకు తింటూ పెంటికలు వేసే అలవాటు ఉంది, ఆ అలవాటే మనకు సగం పని చేసి పెడుతుంది. మొదట్లో మూత్రం తుడిచిన పేపరు, బయట పడిన పెంటికలు తెచ్చి టబ్బులోనే వేయండి, వాసన పట్టి అక్కడికే వస్తాయి. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే మట్టి మాత్రం కొనొద్దు, మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. రోజూ తడిసిన భాగం తీసేయాలి, బద్ధకిస్తే అమోనియా వాసనకు వాటికి కళ్లు, ముక్కు కారడం మొదలవుతుంది. తీసింది ఎరువు గుంటలో వేసుకోండి, పెంటికలైతే నేరుగా నిమ్మ పాదుల్లో వేసినా చెట్టుకు ఏమీ కాదు.

టబ్బు కింద ఏదైనా పరవాలంటే, రొయ్యల గుంటలకు వేసే నల్ల షీటు ముక్క దొరికితే బాగుంటుంది, కాకపోతే అంచు బయటకు కనపడకుండా టబ్బు కిందికే మడిచేయాలి, కనపడితే కొరుకుతాయి. ఇంకా చవకైన పని, మిగిలిపోయిన కడప బండ ముక్క ఒకటి ఆ మూలలో వేసి దాని మీద టబ్బు పెట్టడం. మరక పడినా దాని మీద పడుతుంది, బయటికి తీసుకెళ్లి కడుక్కోవచ్చు.

ఇప్పుడు టైల్స్. మీరు నేల గురించి అడిగారు గానీ నాకు కుందేళ్ల కాళ్ల గురించి ఎక్కువ దిగులు. కుక్కకూ పిల్లికీ అరికాలులో మెత్తటి గుజ్జు ఉంటుంది, కుందేలుకు ఉండదు, బొచ్చే ఉంటుంది. నున్నటి టైల్ మీద అది మేజోళ్లు వేసుకుని పరిగెత్తినట్టే, జారుతుంది. భయపడి కదలకుండా ఒకచోటే కూర్చుంటే ఒళ్లొచ్చి మడమల దగ్గర బొచ్చు ఊడి పుండ్లు పడతాయి. పిల్లలు పుడితే, జారే నేల మీద పెరిగిన వాటికి కాళ్లు పక్కలకు విడిపోవచ్చు. అందుకే అవి తిరిగే చోట తుంగ చాపో, ఈత చాపో వేయండి. వాటిని కొరికినా పీచే, పెద్దగా నష్టం లేదు, పాడైతే కొత్తది వేయండి. ప్లాస్టిక్ కార్పెట్, స్పాంజ్ మ్యాట్, దారాలు ఊడే జంపఖానా ఇంట్లోంచి తీసేయండి. కుందేలు వాంతి చేసుకోలేదు, మింగిన ప్లాస్టిక్ కడుపులోనే ఉండిపోతుంది. మేత మానేసి, పెంటికలు వేయకుండా పన్నెండు గంటలు దాటితే పశువుల ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. కొరకడం దానికి తప్పనిసరి, పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి, మందు కొట్టని జామ కొమ్మలు వేయండి, కరెంటు వైర్లు పైకి కట్టేయండి.

గదంతా మాత్రం చాపలు వేసేయకండి. మన వైపు ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి, కుందేలుకు చెమట పట్టదు, చల్లటి రాయి మీద పొట్ట ఆనించి పడుకోవడమే దానికి ఉపశమనం. మీ వెనక గది కడప బండలు వేసవిలో వాటికి వరం, సగం నేల అలాగే వదిలేయండి.

రెండిటిలో ఆడేది, మగేది? అమ్మినవాళ్లు చెప్పింది నమ్మకుండా ఒకసారి డాక్టరుకు చూపించండి. జత అయితే నెల రోజులకే పిల్లలు, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. నాలుగైదు నెలలు దాటాక మగవి గోడల మీదికి చిమ్ముతాయి, టబ్బు ఎంత బాగా పెట్టినా అప్పుడు ఆగవు, ఆపరేషన్ చేయించడమే దారి. కుందేళ్లకు మత్తు ఇవ్వడం తెలిసిన డాక్టరు దగ్గరే చేయించాలి. తిరుపతి పశువైద్య కళాశాలలో అడిగి చూడండి.

ఎర్ర మూత్రం చాలాసార్లు మేతలోని రంగు పదార్థాల వల్లే వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మూత్రం అంతా ఒకే రంగులో ఉండి, కుందేలు చురుగ్గా ఉంటే కంగారు లేదు. మధ్యలో చుక్కలుగానో గడ్డలుగానో ఎరుపు కనిపించినా, ముక్కుతూ పోస్తున్నా అది రక్తం కావచ్చు, ఆ మూత్రం కొంచెం సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించండి. మరీ చిక్కగా, పేస్టులా వస్తుంటే లూసర్న్, దశరథ గడ్డి, వేరుశనగ కట్టె లాంటి కాల్షియం ఎక్కువుండే మేత తగ్గించి మామూలు గడ్డి పెంచండి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి, మూత్రం ఎక్కువ పోస్తుందని నీళ్లు తగ్గిస్తే ఆ సున్నం మూత్రసంచిలోనే రాయి కడుతుంది.