గొట్టం తప్పు కాదు, గాలి లేదు

ప్రశ్న: మాది నాగోలు. వంటింటి వెనక వరండాలో మా అత్తగారి కాలం నాటి రాగి బాయిలర్ ఉంది, చలికాలమంతా స్నానాలు దాని నీళ్లతోనే. దోమలు, దుమ్ము భరించలేక ఈ దసరాకి వరండా మొత్తం అద్దాల కిటికీలతో మూయించాం. అప్పటి నుంచి పొగ ఇంట్లోకి తన్నుతోంది. వంటింట్లో చిమ్నీ వేస్తే మరీ ఎక్కువ. గొట్టం దులిపించినా లాభం లేదు. పొద్దున్నే అక్కడ కూర్చునే మామగారికి తలనొప్పి వస్తోంది, టెన్షన్‌గా ఉంది. గొట్టం ఎత్తు పెంచాలా?

జవాబు: ముందు మామగారి సంగతి చూడండమ్మా. ఆయన్ని ఇక అక్కడ కూర్చోనివ్వకండి. కట్టెలు సరిగ్గా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దాని మొదటి గుర్తులు. డాక్టర్‌కి చూపించేటప్పుడు బాయిలర్ సంగతి తప్పకుండా చెప్పండి. మనిషి మగతగా కనిపిస్తే బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

ఇక పొగ. గొట్టంలోంచి ఎంత పైకి పోతుందో అంత గాలి కింద నుంచి లోపలికి రావాలి, మీరు ఆ దారి మూసేశారు. పైగా వంటింటి చిమ్నీ డబ్బా మీద చూడండి, గంటకు 1,200 క్యూబిక్ మీటర్లని ఉంటుంది, అంత బలంగా లాగే ఫ్యాన్ ముందు వేడికి మాత్రమే పైకి లేచే పొగ ఏం నిలబడుతుంది, బయటి గాలి ఆ గొట్టంలోంచే కిందికి దిగి పొగని మీ మీదికి తోస్తుంది. రేపు చిమ్నీ ఆపి, వరండా కిటికీ బాగా తెరిచి వెలిగించండి. పొగ ఆగిందంటే గొట్టం తప్పేం లేదు.

అప్పుడు మేస్త్రీని పిలిచి బాయిలర్ బూడిద తీసే మూతికి దగ్గర్లో, గోడకి కింది భాగంలో బయటికి కన్నం పెట్టించండి. పొగ గొట్టం 4 అంగుళాలదైతే కన్నం 6 అంగుళాలు ఉండాలి, ఎందుకంటే దోమల జాలీ కొంత గాలిని ఆపేస్తుంది. దానికి మూత వద్దు, చలేస్తోందని ఎవరో ఒకరు మూసేస్తారు. జాలీకి పట్టిన దుమ్ము మాత్రం దులుపుతూ ఉండండి. బాయిలర్ మండుతున్నంతసేపూ వంటింటి తలుపు వేసి ఉంచి, చిమ్నీ వేయాల్సి వస్తే వంటింటి కిటికీ తెరవండి.

అప్పటికీ పొగ తన్నితే ఎత్తు చూడాలి. గొట్టం డాబా మీద 3 అడుగులైనా లేవాలి, 10 అడుగుల లోపు వాటర్ ట్యాంకో మెట్ల గదో ఉంటే దానికంటే 2 అడుగులు పైకి ఉండాలి. డిసెంబర్ పొద్దుటిపూట గొట్టం చల్లబడి ఉంటుంది కాబట్టి ముందు ఒక కాగితం, నాలుగు ఎండు పుల్లలు మండించి అది వేడెక్కాక కట్టెలు పెట్టండి.

ఒక్కటి మాత్రం మరీ మరీ చెబుతున్నా. మంట ఆరి నిప్పులే మిగిలాక పొగ కనిపించదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. నీళ్ల వేడి నిలవాలని అప్పుడు గొట్టం గానీ బూడిద మూతి గానీ మూయకండి. కన్నం పెట్టించేదాకా కిటికీ తెరిచే వెలిగించండి, దోమలకి తెర కట్టుకోవచ్చు.