యూనిట్ విలువల గీతను చదివే ముందు

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

జీడిపిక్కల దిగుమతి మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పిక్కను ఉడకబెట్టి, కొట్టి, పొట్టు తీసి, గుండు (విరగని పప్పు), బద్ద, ముక్క వేరుచేసే పనిని పలాస కార్మికుల పక్కన కూర్చుని చూసినవాడిలా వర్ణించావు. అక్కడ నేను ఒక్క మాట కూడా మార్చను. కానీ ‘విదేశీ పిక్కల ధర ఏటేటా పడిపోతోంది’ అన్న వాక్యం మాత్రం నిలబడదు. దానికి ఆధారంగా నువ్వు గీసిన గీత ధరలది కాదు, యూనిట్ విలువలది. ఏడాదిలో దిగిన సరుకు మొత్తం విలువను మొత్తం బరువుతో భాగించగా వచ్చిన సగటు అది.

కస్టమ్స్ పద్దులో పొట్టు తీయని జీడిపిక్కలన్నిటికీ 08013100 అన్న ఒకే సంఖ్య. టాంజానియా పిక్కైనా, ఐవరీకోస్ట్ పిక్కైనా, గింజ పెద్దదైనా, చిన్నదైనా అన్నీ ఆ వరుసలోనే పడతాయి. పలాస వ్యాపారి మాత్రం 80 కిలోల బస్తాకు ఎంత పప్పు దిగుతుందో తేల్చుకోకుండా బేరానికి దిగడు. అతనికి అంత ముఖ్యమైన సంగతి నీ లెక్కలో ఎక్కడా లేదు.

ఒక ఊహా లెక్క వేసి చూడు. మొదటి ఏడాది కిలో 120 రూపాయల మేలురకం 60 టన్నులు, 90 రూపాయల నాసిరకం 40 టన్నులు వచ్చాయనుకో. సగటు 108 రూపాయలు. మరుసటి ఏడాది రెండు రకాలూ ప్రియమై 126, 95 అయ్యాయి, అయితే మేలురకం 20 టన్నులకు తగ్గి, నాసిరకం 80 టన్నులకు పెరిగింది. అప్పుడు సగటు 101 రూపాయల 20 పైసలు. కొన్న ప్రతి కిలోకూ ఎక్కువే చెల్లించాం, గీత మాత్రం కిందికి దిగింది! పత్రికల్లో ‘కుప్పకూలిన దిగుమతి ధరలు’ అన్న శీర్షికలు చూసినప్పుడల్లా ఈ లెక్క గుర్తుకొచ్చి నాకు విసుగు పుడుతుంది. అందుకే ఏ దేశం నుంచి ఎన్ని టన్నులు వచ్చాయో విడదీసి, ఒక్కొక్క దేశానికీ వేరుగా గీత గీయి. దానితో రకాల తేడా పూర్తిగా తీరిపోదు గానీ, చాలావరకు బయటపడుతుంది.

నెలవారీ అంకెలతో మరింత జాగ్రత్త అవసరం. పశ్చిమాఫ్రికా పంట ఏడాది తొలి సగంలో వస్తుంది, టాంజానియా పంట అక్టోబరు తర్వాత మొదలవుతుంది. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో యూనిట్ విలువ లేస్తే దాని వెనుక సరుకు మారడం తప్ప మరేమీ లేకపోవచ్చు. ఓడ రేవుకు చేరిన నాటి అంకె అంతకు ముందెప్పుడో కుదిరిన బేరానిది అన్న సంగతి కూడా మరువకు. మన ప్రభుత్వ అంకెలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కించిన ఏడాదివి, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) అంకెలు జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కించినవి. నీ రెండో పట్టికలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

దిగుమతి విలువలో సరుకు ఖరీదుతో పాటు ఓడ కిరాయి, బీమా కూడా కలిసి ఉంటాయి. 2021లో కంటైనర్ల కిరాయిలు ఆకాశాన్నంటినప్పుడు ఆఫ్రికా రైతుకు పైసా అదనంగా రాకపోయినా మన యూనిట్ విలువ పెరగగలదు. రూపాయి పతనం సంగతీ అంతే. డాలరు విలువ 2022 అక్టోబరులో తొలిసారి 83 రూపాయలు దాటింది. అందువల్ల రూపాయల్లోనూ, డాలర్లలోనూ రెండు గీతలు గీసి చూడటం మంచిది.

జీడిపప్పు విషయంలో ప్రభుత్వ ఉత్తర్వే గీతను కదిలిస్తుంది. 2019 జూన్‌లో కేంద్రం కనీస దిగుమతి ధరను ముక్కలకు కిలో 288 నుంచి 680 రూపాయలకు, గుండుకు 400 నుంచి 720 రూపాయలకు పెంచింది. అంతకంటే తక్కువ ధర చూపితే సరుకు లోపలికి రాదు గనుక, ఆ తర్వాతి పద్దుల్లో కనిపించే విలువను అంతర్జాతీయ విపణి నిర్ణయించిందని రాయడం పొరపాటు.

చివరి భాగంలో వ్యవసాయ దిగుమతులన్నిటినీ టన్నుల్లో కూడి సగటు తీశావు. దాన్ని తీసేయి. ఆ మొత్తంలో వంటనూనెల బరువే ఎక్కువ గనుక, అది పామాయిల్ కథ చెబుతుందే తప్ప జీడిపిక్కల కథ చెప్పదు. 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని నిషేధించినప్పుడు ఆ సగటు ఎంత ఊగినా, మన ఉద్దానం జీడితోటలకు దానితో సంబంధమేముంది? అన్ని సరుకులకూ కలిపి ఒక అంకె కావాలంటే దేశ వాణిజ్య గణాంకాలను సేకరించే కోల్‌కతాలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డి.జి.సి.ఐ.ఎస్. వెలువరించే యూనిట్ విలువ సూచీని వాడు. అయితే ఆధార సంవత్సరం, అంటే సూచీని 100గా తీసుకున్న ఏడాది, మారిన చోట పాత వరుసను కొత్తదానికి నేరుగా అతికించకు.

ఇక వజ్రపుకొత్తూరు, మందస రైతుల మాట. విదేశీ పిక్కల వల్లే తమకు ధర రావడం లేదని వారు అంటున్నారని రాశావు. ఆ ఆవేదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పెకలించిన తోటలను మళ్లీ నిలబెట్టుకుంటున్నవారు వాళ్లు. కానీ దానిని నిరూపించడానికి ఏడాది సగటు పనికిరాదు. మన పంట చేతికొచ్చే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని టన్నుల విదేశీ పిక్క దిగిందో, అదే నెలల్లో పలాసలో 80 కిలోల బస్తా ఎంత పలికిందో, కొన్నేళ్ల వరసన పక్కపక్కన వేసి చూడాలి. దిగుమతి పెరిగిన ఏడాదల్లా బస్తా ధర తగ్గితే వారి మాటకు బలం చేకూరుతుంది. తగ్గకపోతే ఆ సంగతి కూడా అంతే స్పష్టంగా రాయాలి. బస్తా ధరలు వ్యాపారుల చిట్టాల్లోనూ, రైతుల దగ్గరి పాత చీటీల్లోనూ దొరకవచ్చు. ఆ పట్టిక తయారయ్యాక వ్యాసమంతా కాదు, ఆ ఒక్క భాగమే తిరిగి రాసి పంపు.