తాళం పడిన రోజు నుంచి ఆరు నెలలే

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. 1999లో దేవరకొండ వచ్చి కిరాయి మడిగెలో కటింగ్ షాపు పెట్టుకున్నాను. పుట్టువెంట్రుకలకైనా, పెండ్లికొడుకును చేయడానికైనా నన్నే పిలుస్తారు. ఓనరు చనిపోయాక ఆయన కొడుకు అక్టోబరు 4న షాపుకు తన తాళం వేసి, ‘నువ్వు ఈ ఊరోడివే కాదు’ అన్నాడు. సంక్రాంతి దాకా పెద్దమనుషుల చుట్టూ తిరిగాను. కిరాయినామా లేదు. 12 ఏళ్లు దాటితే షాపు నాదేనని ఒకరు, పాత తేదీ స్టాంపు పేపరు ఇప్పిస్తానని ఒకరు అంటున్నారు. నేను ఈ ఊరివాణ్ని కానా సార్?

జవాబు: మీరు ఏ ఊరివారో కోర్టు అడగదు. అక్టోబరు 4 ఉదయం ఆ మడిగె ఎవరి చేతిలో ఉంది, ఎలా పోయింది అనే అడుగుతుంది.

స్వాధీనంలో ఉన్న మనిషిని ఒప్పుదల లేకుండా, చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద తిరిగి స్వాధీనం కోరవచ్చు. ‘మడిగె నాది’ అని ఓనరు చెప్పినా అక్కడ చెల్లదు. కానీ గడువు ఆరు నెలలే. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు కూడా లేదు. పంచాయితీలో కూర్చున్నారని గడువు ఆగదు. ఇన్నాళ్లూ ఒక్క లాయరునూ కలవకపోవడం ముమ్మాటికీ మీ తప్పే. మార్చి దాటనివ్వకండి. దాటితే కిరాయి హక్కును మొదటి నుంచి నిరూపించుకునే మామూలు దావాయే మిగులుతుంది. కాగితం లేని మీకు అది చాలా కష్టం.

12 ఏళ్ల మాట ఇక ఎత్తకండి. కిరాయి కట్టేవాడు ఎన్నేళ్లున్నా ఓనరు అనుమతితో ఉన్నట్టే. పైగా ఓనరు హక్కునే కాదన్నారంటూ, ఖాళీ చేయించడానికి అదే కారణం చూపిస్తారు. స్టాంపు పేపరు పని అంతకంటే ప్రమాదం. స్టాంపులు అమ్మే వెండరు రిజిస్టరు తెప్పిస్తే, ఆ పేపరు ఏ రోజు అమ్మిందో తేలి దొరికిపోతారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, 340 కింద దాన్ని వాడిన నేరం. గెలిచే కేసులో మీరే ముద్దాయి అవుతారు. తాళం పగలగొట్టే ఆలోచనా వద్దు.

రుజువులు మీ చేతిలోనే ఉన్నాయి. 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు పథకం ఉంది కదా, దానికి పెట్టుకున్న దరఖాస్తు వెతకండి. మున్సిపాలిటీ లైసెన్సు రసీదులు, ఫోన్‌లో కిరాయి పంపిన లెక్క తీయండి. షాపులో స్కానర్ ఉందా? అక్టోబరు 3 దాకా రోజూ యాభై, వంద పడుతూ 4 నుంచి ఆగిపోయిన బ్యాంకు స్టేట్‌మెంటు మంచి సాక్ష్యం. తాళం వేస్తుంటే చూసిన పక్క షాపువాళ్లు ఇద్దరు వచ్చి చెప్పాలి.

ఈ వారమే దేవరకొండ కోర్టులో లాయరును కలవండి. ఫీజు కష్టమైతే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి. కుర్చీలు, అద్దాలు, కత్తులు లోపలే ఉండిపోయాయి కాబట్టి, వాటి జాబితా రాయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్లి చూసి వచ్చే లాయరును) వేయమని దావాతోపాటే అర్జీ పెట్టండి. సెప్టెంబరు దాకా కిరాయి బాకీ ఉంటే ఓనరు కొడుకు ఖాతాలో వేసేయండి.

గెలిస్తే షాపు తిరిగి వస్తుంది. ఆ డిక్రీ (కోర్టు తీర్పు) మీద అప్పీలు ఉండదు. అయితే అతను పద్ధతిగా ఖాళీ కేసు వేసుకోవచ్చు. అందుకే తాళం తీసిన రోజు నుంచి, రసీదు లేకుండా ఒక్క నెల కిరాయి కూడా ఇవ్వకండి.