వాటర్ పార్కు పక్కన 40 గదుల హోటల్: గదికి ఎంత పడుతుంది, ఒకేసారి కట్టాలా?

ప్రశ్న: కావలి దగ్గర సముద్రం వైపు మాకు చిన్న వాటర్ పార్కు ఉంది. ఎండాకాలం బాగా నడుస్తోంది. పక్కనే 40 గదుల హోటల్ కట్టి, ఇంకొన్ని రైడ్లు పెట్టి థీమ్ పార్క్ రిసార్ట్‌గా పెంచాలని ఇంట్లో అనుకుంటున్నాం. గదికి ఎంత ఖర్చు వస్తుంది? అన్నీ ఒకేసారి కట్టడం మేలా, విడతలుగానా?

జవాబు:

విడతలుగానే కట్టండి అన్నా. మొదటి విడతలో 40 వద్దు, 16 నుంచి 20 గదులు చాలు. ఎందుకో లెక్కతో చెబుతాను.

మాది ఒంగోలు. సివిల్‌లో ఎస్టిమేషన్, బిల్లింగ్ నా పని. చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక రిసార్ట్‌కీ, మన తీరంలోనే పార్కు ఉన్న ఇంకో రిసార్ట్‌కీ హోటల్ బ్లాకుల కొలతలు, బిల్లులు నేనే చూశాను. రెండు చోట్లా ఓనర్లు గది లోపలి ఖర్చు మీదే గంటలు గంటలు కూర్చున్నారు. డబ్బు ఎక్కువగా పోయింది మాత్రం గది బయట.

ముందు మీరడిగిన 40 గదులకే వేద్దాం. బాత్రూమ్‌తో కలిపి గది 300 చదరపు అడుగులనుకున్నా, కారిడార్, మెట్లు, లిఫ్టు, రిసెప్షన్, కిచెన్, లాండ్రీ, స్టాఫ్ గదులు అన్నీ పంచితే గదికి 650 అడుగుల దాకా తేలుతుంది. అంటే 26,000 అడుగులు. త్రీ స్టార్ స్థాయి ఫినిషింగ్, కరెంటు, ప్లంబింగ్, ఏసీ కలిపి ఇప్పుడు నేనైతే అడుగుకి 4,000 వేస్తాను. అది 10.4 కోట్లు. మంచాలు, పరుపులు, టీవీ, కర్టెన్ల లాంటివి గదికి 6 లక్షల చొప్పున 2.4 కోట్లు. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, కిచెన్ సామాను, ఆర్‌ఓ ప్లాంటు, మురుగునీటి ప్లాంటు కలిపి 2 కోట్లు. ఆర్కిటెక్ట్ ఫీజు, అనుమతులు, హోటల్ తెరవకముందే ఇచ్చే జీతాలు 1.2 కోట్లు. కట్టినంత కాలం బ్యాంకు వడ్డీ ఒక కోటి. మొత్తం 17 కోట్లు, గదికి 42.5 లక్షలు. స్థలం విలువ ఇందులో లేదు.

జీఎస్టీ కూడా లేదు. కాంట్రాక్టర్ నోటి మాటగా చెప్పే 4,000 రేటులో పన్ను ఉండదు. 10.4 కోట్ల మీద 18 శాతమంటే 1.87 కోట్లు. రైడ్ల మీద మీరు కట్టే జీఎస్టీని టికెట్ల మీద వసూలయ్యే పన్నులో సర్దుకోవచ్చు, ఎందుకంటే వాటి పునాదులతో సహా అవి ప్లాంట్ అండ్ మెషినరీ కిందికి వస్తాయి. బిల్డింగుకి ఆ వెసులుబాటు లేదు. కట్టిన పన్నుని ఇలా సర్దుకోవడాన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. బిల్డింగుకి జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) దాన్ని ఆపేస్తుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకి 5 శాతమే పన్ను, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కాబట్టి ఆ 1.87 కోట్లు పూర్తిగా మీ జేబులోంచే. అదే రోజు నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18కి తగ్గడం ఒక్కటే ఊరట. ఇప్పుడు గదికి 47 లక్షలు దాటింది.

హోటల్ వాళ్ల దగ్గర పాత లెక్క ఒకటుంది: గది మీద పెట్టిన ప్రతి వెయ్యి రూపాయలకి రోజు అద్దె ఒక రూపాయి రావాలి. అంటే మీకు సగటున 4,700 రావాలి. శని, ఆదివారాల రేటు కాదది, ఏడాది మొత్తానికి సగటు, అదీ పది గదుల్లో ఆరేడు నిండుతూ ఉంటేనే. నెల్లూరులో, ఒంగోలులో శుభ్రమైన ఏసీ గది మూడు వేల లోపే దొరుకుతున్నప్పుడు మంగళవారం రాత్రి మీ గదికి 4,700 ఎవరిస్తారో ముందు కాగితం మీద రాసుకోండి.

పెద్ద పార్కులకీ ఇదే సమస్య వచ్చింది. 1992లో పారిస్ దగ్గర యూరో డిస్నీ థీమ్ పార్కు తెరిచిన రోజుకే దాదాపు 5,200 గదులు సిద్ధం చేశారు. పారిస్ నుంచి రైలు ఉంది. జనం పొద్దున వచ్చి, ఆడుకుని, రాత్రికి వెళ్లిపోయారు. గదులు అనుకున్నంత నిండలేదు. 1994కల్లా అప్పుల్ని బ్యాంకులతో కూర్చుని మళ్లీ సర్దుకోవాల్సి వచ్చింది. మన దేశంలో ముంబై–పుణె దారిలో ఖోపోలీ దగ్గరి ఇమాజికా థీమ్ పార్కు 2013లో మొదలైంది. 287 గదుల హోటల్‌కి ప్లాన్ వేసి, 2015లో 116 గదులతో తెరిచారు. అప్పుల భారంతో చివరికి 2022లో సంస్థ వేరే గ్రూపు చేతికి వెళ్లింది. దానికి హోటల్ ఒక్కటే కారణమని నేననను, కరోనా కూడా మధ్యలో వచ్చింది. కానీ పార్కు ఇంకా నిలదొక్కుకోకముందే హోటల్ అప్పు తోడైతే ఊపిరాడదు. బెంగళూరు వండర్‌లా 2005లో పార్కు తెరిచి, 2012 దాకా ఆగి, అప్పుడు 84 గదుల రిసార్ట్ పెట్టింది. ఏడేళ్ల గేటు లెక్కలు, అంటే ఏ రోజు ఎంతమంది వచ్చారన్న లెక్కలు, చేతిలో ఉండగా కట్టిన హోటల్ అది. 1955లో డిస్నీల్యాండ్ మొదలైనప్పుడు వాల్ట్ డిస్నీ దగ్గర హోటల్‌కి డబ్బు మిగల్లేదు. జాక్ రాథర్ అనే ఆయన తన డబ్బుతో కట్టి నడిపారు, డిస్నీ సంస్థ దాన్ని 1988లో కొన్నది.

మీ దగ్గర గేటు లెక్కలున్నాయి. వాటిని నెలవారీగా తీయండి. రోహిణి కార్తెలో వచ్చే జనాన్ని చూసి హోటల్ సైజు తేల్చకండి. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చిన కుటుంబం బండి ఎక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటుంది, గది ఎందుకు తీసుకుంటుంది? మీ దగ్గర రాత్రి ఉండేవాళ్లు ఇంకో రకం. రామాయపట్నం పోర్టు పనుల మీద వచ్చే ఇంజినీర్లు, వెండర్లు వారం మధ్యలో గదులు తీసుకుంటారు. పెళ్లివాళ్లు ముహూర్తాల రోజుల్లో మొత్తం గదులు తీసుకుంటారు. అందుకే నా సలహా, మొదటి విడతలో 20 గదుల లోపు పెట్టి, మిగిలిన డబ్బులో కొంతతో మంచి కల్యాణ మండపం కట్టండి. హాలు బుక్ చేసుకున్నవాళ్లు గదులు ఎటూ తీసుకుంటారు, భోజనాల మీద కూడా మిగులుతుంది. ఆషాఢంలో, మూఢాల్లో ఖాళీగా ఉంటుందనుకోండి, ఆ నెలల్లో స్కూలు ట్రిప్పులు, కంపెనీ మీటింగులు చూసుకోవాలి.

తక్కువ గదులైతే గదికి ఖర్చు కొంచెం పెరుగుతుంది, నిజమే. జనరేటర్, లిఫ్టు 20 గదులకీ కావాలి. కానీ గదుల మీద అప్పు సగానికి దగ్గరవుతుంది. పునాదులు, పిల్లర్లు మాత్రం పైన ఇంకో రెండంతస్తులకి సరిపోయేలా మొదటే డిజైన్ చేయించండి. మురుగునీటి ప్లాంటు తర్వాత జోడించుకునే రకం తీసుకోండి, పైపుల సైజు, కేబుల్ డక్టులు 40 గదులకి వేయండి. గెస్టులున్న హోటల్ పక్కన నేల తవ్వడం ఎంత నరకమో నేను రెండో విడత జరిగిన సైట్‌లో చూశాను. గెస్టులు పార్కులో ఉండే పగటి గంటల్లోనే బ్రేకర్లు నడిపాం. అయినా దుమ్ముకి స్విమ్మింగ్ పూల్ వైపు గదులు మూసేయాల్సి వచ్చింది. కూలీలు ఖాళీగా కూర్చున్న గంటలకి కూడా కాంట్రాక్టర్ బిల్లు పెట్టాడు.

ఇక ఉప్పుగాలి. ఊళ్లో ఇల్లు కట్టినట్టు ఎం20 కాంక్రీటు అక్కడ పనికిరాదు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ). తీరప్రాంతానికి కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) ఉండాలి. గాలికి నెల్లూరు బేసిక్ విండ్ స్పీడ్, అంటే డిజైన్‌కి తీసుకోవాల్సిన గాలి వేగం, సెకనుకి 50 మీటర్లు, అద్దాల ముఖద్వారం, రైడ్ల టవర్లు, రేకుల షెడ్లు ఆ లెక్కకే డిజైన్ చేయాలి. బయట ఏసీ యూనిట్లకి తుప్పుపట్టని కోటింగ్ ఉన్నవే అడగండి. రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు, అలాంటప్పుడు ఆర్‌ఓ ప్లాంటు రెట్టింపు అవుతుంది. గ్రానైట్‌కి మాత్రం మనకి దిగులు లేదు, చీమకుర్తి దగ్గరే. లాబీకి బ్లాక్ గెలాక్సీ వేసినా చెన్నైవాళ్లకి పడే లారీ బాడుగ మనకి పడదు.

పని జనవరిలో మొదలుపెట్టండి. మనకి గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2023 డిసెంబర్ మిచాంగ్ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబర్‌లోపు స్లాబు పడిపోతే ఆ మూడు నెలలు లోపలి పనులు చేసుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు సర్వేయర్‌తో హై టైడ్ లైన్ (పోటు నీళ్లు వచ్చే హద్దు) గుర్తు పెట్టించండి. తీరంలో కట్టడాల మీద ఉన్న సీఆర్‌జెడ్ నిబంధనల ప్రకారం పల్లె ప్రాంతాల్లో సాధారణంగా ఆ రేఖ నుంచి 200 మీటర్ల లోపు కొత్త హోటల్ కుదరదు. తర్వాత రెండు మూడు చోట్ల మట్టి పరీక్ష, బోరు నీళ్ల పరీక్ష చేయించండి. ఆ రిపోర్టులు, రెండేళ్ల గేటు లెక్కలు ఇక్కడ పెడితే 20 గదులకీ మండపానికీ విడిగా అంచనా వేసి ఇస్తాను.