అతిథులు వస్తున్నారట కదా

తమ్ముడూ,

మన సేవా క్లబ్బులో కొత్త సభ్యులను చేర్చే సభ్యత్వ కమిటీ నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను. వచ్చే మీటింగుకు ముగ్గురు కొత్తవాళ్లు వస్తున్నారని, వాళ్లతో ఏం మాట్లాడాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ఈ పనిలో నేను చేయని తప్పు లేదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ఒక ఏడాది ఈ కమిటీ నా దగ్గరే ఉండేది. రోటరీ అయినా లయన్స్ అయినా, ఈ సేవా క్లబ్బుల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. మే వచ్చేసరికి ‘ఎంతమందిని చేర్చారు?’ అంటూ ఒకటే ఫోన్లు. తెలిసినవాళ్లందరినీ పట్టుకుని ఆరుగురి చేత ఫారాలు నింపించాను. నాకు కాదనలేక మొహమాటం కొద్దీ సంతకాలు పెట్టినవాళ్లే అందరూ. పిన్నులు పెట్టాం, ఫోటోలు దిగాం. ఆరు నెలలు తిరిగేసరికి ఒక్కడు మిగిలాడు. అతనెందుకు మిగిలాడా అని చూస్తే, చేరకముందే మాతోపాటు ఒక రక్తదాన శిబిరంలో రోజంతా రిజిస్టరు రాశాడు. మిగతా ఐదుగురూ మా మీటింగులే చూశారు. మన మీటింగులు చూసి ఎవరైనా మనసు పారేసుకుంటారని నేను అనుకోను.

అందుకే ఫారం మాట ఎత్తకముందు ఏదైనా శిబిరానికి పిలువు. వెనక బ్యానర్ పట్టుకుని నిలబడమనకు, అది పని కాదు. కంటి శిబిరమైతే, చూపు సరిగా లేని పెద్దవాళ్లను క్యూ నుంచి పరీక్ష గది దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లమను. సాయంత్రం ఇంట్లో చెప్పుకోవడానికి ఒక మాట మిగులుతుంది. 1925లో, చూపూ వినికిడీ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ సభకు వచ్చి అంధుల తరఫున నిలబడమని అడిగారు. లయన్స్ వాళ్లు కంటి పనిని ఇప్పటికీ వదలకపోవడానికి మూలం అదే. ఇలాంటివి పని మధ్యలో చెబితే చెవిన పడతాయి. ప్రొజెక్టర్ పెట్టి అరగంట చరిత్ర చెబితే గడియారం చూస్తారు.

ఎందుకు వచ్చారని అడిగితే అందరూ ‘సేవ చేద్దామని’ అనే అంటారు. కాస్త ఆగి మళ్లీ అడుగు. కొందరికి నలుగురితో కలవాలని ఉంటుంది, ఆ మాట పైకి అనడానికి సిగ్గు. 1905లో పాల్ హారిస్ అనే లాయరు చికాగోలో రోటరీ పెట్టింది కూడా ఆ లోటుతోనే. అంత పెద్ద నగరంలో, చిన్నప్పటి ఊళ్లో ఉండే స్నేహం దొరక్క మరో ముగ్గురిని కూడగట్టాడు. వంతులవారీగా, అంటే రొటేషన్‌లో, ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవాళ్లు కాబట్టి రోటరీ అని ఆ పేరు. తోడు కోసం వచ్చినవాడిని తక్కువగా చూడకు. విజిటింగ్ కార్డులు పంచడానికి వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లు రెండు మీటింగుల్లో తేలిపోతారు.

మీటింగు రోజున తలుపు దగ్గర ఒకరిని, పక్కన కూర్చోవడానికి ఇంకొకరిని పెట్టు. ప్రెసిడెంటుకు ఆ పని చెప్పకు, ఆయనకు మైకు గొడవే సరిపోతుంది. మనలో ఎవరో పాత సంగతి ఎత్తితే అందరం నవ్వుతాం, కొత్త మనిషి మాత్రం అర్థంకాక ఊరికే పళ్లు చూపిస్తాడు. పక్కనున్నవాళ్లు ఆ సంగతేమిటో చెవిలో చెప్పాలి. ఉన్నట్టుండి మైకు చేతికిచ్చి ‘రెండు మాటలు మాట్లాడండి’ అనొద్దు. నన్ను మొదటిసారి అలాగే లేపారు, నా పేరు తప్ప ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఆడవాళ్లు వస్తే ‘ఫలానా వారి మిసెస్’ అని పరిచయం చేయనివ్వకు. లయన్స్ 1987లో, రోటరీ 1989లో మహిళలకు సభ్యత్వం ఇచ్చాయి కానీ, మన వేదిక మీది మాట తీరు ఇంకా అంతకు ముందు కాలంలోనే ఉండిపోయింది.

డబ్బు విషయం మొదటి రోజే చెప్పు. చందా ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు కట్టాలి, అందులో క్లబ్బుకు మిగిలేది ఎంత, అంతర్జాతీయ సంస్థకు వెళ్లేది ఎంత, శిబిరాలప్పుడు విడిగా ఏమైనా వేసుకోవాలా, అన్నీ ఒక కాగితం మీద రాసివ్వు. ‘అదెంతలెండి, తర్వాత చూద్దాం’ అన్నామా, ఆ తర్వాత మన ఏ మాటా నమ్మరు. నెలకు ఎన్ని గంటలు పడుతుందో కూడా తగ్గించకుండా చెప్పు. విని వెనక్కి తగ్గేవాళ్లను బతిమాలకు. సభ్యత్వం వద్దన్నా శిబిరాలకు వస్తామంటే రానీ, మంచిదే.

మర్నాడు వాళ్లను తీసుకొచ్చిన సభ్యుడే ఫోన్ చేయాలి. గ్రూపులో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే కుదరదు.

ఆ ముగ్గురి పేర్లు, ఏం పనులు చేస్తుంటారో నాకు రేపటికల్లా పంపు. తలుపు దగ్గర నేను నిలబడతాను. పక్కన కూర్చునేవాళ్లను నువ్వు చూసుకో, కబుర్లపోగు మన ట్రెజరర్‌ని మాత్రం వద్దు.

మీ అన్నయ్య